ఇల్లూరు నుంచి రాష్ట్రపతి భవనం దాకా: నీలం సంజీవరెడ్డి గారి ఎన్నికల పద్దు

శ్రీ నీలం సంజీవరెడ్డి గారి పేరు వినని విద్యార్థి మన జిల్లాలో ఉండడు. రాష్ట్రపతిగా చేశారని జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక మార్కు కోసం చదువుకుంటాం. అంతటితో మన బాధ్యత తీరిపోతుంది. కాని ఆయన జీవితంలో ఇంకొక సంగతి ఉంది. ఈ రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు నెలకొల్పిన ముఖ్యమంత్రి ఆయనే. ఈవేళ ఊళ్ళో సర్పంచు ఎన్నిక వస్తే ఎవరెంత పెట్టారు, ఎవరు పొలం కుదువపెట్టారు అని రచ్చకట్ట మీద మాట్లాడుకుంటాం గదా, ఆ కథకు మొదలు ఎక్కడుందో వెదుక్కుంటూ పోతే ఆయన దగ్గరికే చేరుతాం. కనుక ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఎన్నికల ఖర్చు అనే పక్కనుంచి చూడదలచాను. పొగడ్త కోసం రాసింది కాదు, నింద కోసం అంతకంటే కాదు.

1913 మే 19న ఇల్లూరు గ్రామంలో చిన్నప్పరెడ్డి గారి ఇంట ఆయన జన్మించారు. అనంతపురం నుంచి గుత్తి పోయే దారిలో గార్లదిన్నె వస్తుంది, ఆ ప్రాంతపు పల్లె ఇల్లూరు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు, లేకపోతే లేదు. అటువంటి సీమలో కాస్త భూమి, పలుకుబడి ఉన్న రైతు కుటుంబం వారిది. హైస్కూలు చదువు మద్రాసు అడయారులోని థియొసాఫికల్ పాఠశాలలో సాగింది. తరువాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1916లో దత్తమండలాల కాలేజీ అనే పేరుతో మొదలైన కళాశాల అది. దత్తమండలాలు అనే మాట పోయి రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది. అంటే రెడ్డిగారు కాలేజీ మెట్లెక్కే నాటికి ఈ సీమకు కొత్త పేరు పెట్టి ఏడాదో రెండేళ్ళో అయింది, అంతే.

1929 జూలైలో గాంధీజీ అనంతపురం వచ్చారు. పదహారేళ్ళ కుర్రవాడు విదేశీ బట్టలు వదిలి ఖద్దరు కట్టాడు. 1931లో చదువే వదిలేశాడు. ఈ భాగాన్ని మన అధ్యాపకులు విద్యార్థులకు చెప్పేటప్పుడు కొంచెం జంకుతారు, కాలేజీ మానేసినవాడు రాష్ట్రపతి అయ్యాడంటే పిల్లలు ఏమనుకుంటారో అని! యువజన సంఘం, విద్యార్థి సత్యాగ్రహం, జైలు వరుసగా వచ్చాయి. 1935లో నాగరత్నమ్మ గారితో వివాహమైంది. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయ్యారు. అప్పటికి వయస్సు పాతికేళ్ళు. ఆ పదవిలో పదేళ్ళున్నారు. అందులో సగం కాలం, 1940 నుంచి 1945 దాకా, చాలామట్టుకు జైళ్ళలోనే గడిచింది. అమరావతి జైలులో ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజు, వి. వి. గిరి వంటివారు తోడు. ఈ గిరిగారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగ పరిషత్తులో సభ్యులయ్యారు. 1949 నుంచి 1951 దాకా కుమారస్వామిరాజా గారి మంత్రివర్గంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలు చూశారు. మద్యనిషేధ మంత్రిగా పనిచేసిన వ్యక్తి తరువాతి కాలంలో పెట్టిన పంచాయతీల ఎన్నికల్లో సారా ఎట్లా పారిందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఆచార్య ఎన్. జి. రంగా గారితో పోటీపడి గెలిచారు. రంగాగారు కాంగ్రెసును వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. ప్రకాశం పంతులు గారు కూడా కాంగ్రెసు విడిచిపోయారు. ఇట్లా చీలిన ఇంటికి పెద్దగా రెడ్డిగారు 1952 మొదటి సాధారణ ఎన్నికలకు దిగారు. స్వంత అనంతపురం నుంచే శాసనసభకు నిలబడ్డారు.

ఎదుటి అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి. కమ్యూనిస్టు. ఇద్దరూ బావాబావమరుదులు. ఇద్దరూ భూస్వాముల ఇళ్ళలో పుట్టినవారే. ఒకరి వెనుక ఆంధ్రదేశమంతా అల్లుకున్న పార్టీ, ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన పలుకుబడి, అన్ని ఊళ్ళ పెద్దరెడ్లతో పరిచయం ఉన్నాయి. ఇంకొకరి వెనుక కాలినడకన తిరిగే కార్యకర్తలు. గెలిచింది నాగిరెడ్డి గారు. అవి కరువు రోజులు. కరువు నాటి కోపం ఓటు రూపంలో బయటికొచ్చిందని కొందరు, కాంగ్రెసు చీలికే దెబ్బకొట్టిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఎటుచూసినా ఒక విషయం మాత్రం స్పష్టం. అనంతపురం ఓటరు డబ్బున్న పక్షానికే ఓటు వేస్తాడనే మాట ఆనాడు నిలబడలేదు.

ఎన్నికల ఖర్చుకు పరిమితి అనే సంగతి ఆ మొదటి ఎన్నికల నాటి నుంచే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 25,000 రూపాయలు దాటకూడదు, శాసనసభ అభ్యర్థికి అంతకంటే చాలా తక్కువ. లెక్క రాయాలి, దాఖలు చేయాలి. ఇంగ్లండులో 1883లో చేసిన చట్టం నుంచి వచ్చిన ఆలోచన ఇది. అక్కడి పెద్దమనుషులు బియ్యేలు చదివి ఓట్లు కొనుక్కుంటుంటే విసుగెత్తి ఆ దేశపు పార్లమెంటు ఖర్చుకు గరిష్ఠం కట్టింది. మనం స్వాతంత్ర్యంతో పాటు దాన్నీ తెచ్చుకున్నాం. ఐతే మన చట్టంలో లెక్క ఉన్నది అభ్యర్థికి, పార్టీకి కాదు. ఆ సందు ఎంత పెద్దదో తరువాత తెలిసింది.

ఓడిన మనిషి ఇంట్లో కూర్చోలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పార్టీ వదిలిపోయిన ప్రకాశం పంతులు గారినే ముఖ్యమంత్రిగా ఒప్పుకుని, తాను ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1955లో గోపాలరెడ్డి గారి దగ్గర కూడా ఉపముఖ్యమంత్రే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించగా మొదటి ముఖ్యమంత్రి పదవి ఆయనకు దక్కింది. వయస్సు నలభై మూడు.

ఇక అసలు విషయానికి వద్దాం. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తన నివేదిక ఇచ్చింది. అభివృద్ధి పథకాలు ఆఫీసర్ల చేతుల్లో నుంచి జనం ఎన్నుకున్న సంస్థల చేతుల్లోకి రావాలని, ఊళ్ళో పంచాయతీ, బ్లాకులో సమితి, జిల్లాలో పరిషత్తు అని మూడంతస్తులుగా ఉండాలని చెప్పింది. చాలా రాష్ట్రాలు ఆ నివేదికను బీరువాలో పెట్టాయి. సంజీవరెడ్డి గారు 1958లోనే ఇరవై బ్లాకుల్లో తాత్కాలిక సమితులు పెట్టి పరీక్షించి చూశారు. 1959లో చట్టం చేసి నవంబరు 1 నుంచి రాష్ట్రమంతటా అమలుపెట్టారు. షాద్‌నగర్‌లో నెహ్రూ గారు ప్రారంభోత్సవం చేశారు. రాజస్థాన్ తరువాత ఈ పనిచేసిన రాష్ట్రం మనదే. బళ్ళు, బావులు, రోడ్లు, విత్తనాలు, ఎరువుల అప్పు వంటివి సమితి చేతుల మీదుగా నడవసాగాయి. బడిపంతులు బదిలీ కావాలన్నా సమితి ప్రెసిడెంటు గడప తొక్కవలసిన రోజులొచ్చాయి. వానమీద ఆధారపడిన పల్లెకు ఇది చిన్న మార్పు కాదు. బావి తవ్వకానికి అప్పు ఎవరికి మంజూరవుతుందనేది అనంతపురం రైతుకు బ్రతుకుతెరువు ప్రశ్న.

అధికారం అంత దగ్గరికి వచ్చాక దానికోసం పోటీ కూడా అంత దగ్గరగానే మొదలైంది. ఇక్కడ ఏర్పాటు ఎట్లా ఉండేదో కొత్తతరం వారికి చెప్పాలి. సమితి అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకునేవారు కాదు. బ్లాకులోని సర్పంచులంతా సమితిలో సభ్యులు, వారు ఎన్నుకోవాలి. సమితి అధ్యక్షులూ శాసనసభ్యులూ మొదలైనవారు కలిసి జిల్లా పరిషత్తు ఛైర్మనును ఎన్నుకోవాలి. అంటే యాభై వేల జనాభా ఉన్న బ్లాకుకు పెద్ద ఎవరో నలభై యాభై మంది తేల్చేవారు. యాభై వేల మందిని కొనడం ఎవరి తరమూ కాదు. ఇరవై ఆరు మందిని కొనడం మాత్రం ఒక మోతుబరికి సాధ్యమే. అట్లా పుట్టిందే క్యాంపు. ఎన్నిక పదిరోజులుందనగా సర్పంచులను జీపుల్లో ఎక్కించుకుని తిరుపతికో బెంగుళూరుకో తీసుకుపోవడం, దేవుడి దర్శనం, హోటలు భోజనం, సినిమా, ఎదుటి పక్షం కంటబడకుండా కాపలా, ఓటింగు రోజు ఉదయం నేరుగా ఆఫీసు గుమ్మం ముందు దింపడం. ఈ ఖర్చును ఏ ఫారంలో రాయాలి? గోడమీద పోస్టరు లేదు, మైకు లేదు, సభ లేదు. ప్రచారమే లేనప్పుడు ప్రచార ఖర్చు ఎక్కడిది?

ఈ క్యాంపులకు రెడ్డిగారిని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. పరోక్ష ఎన్నికను సూచించింది మెహతా కమిటీయే. కాని ఒక మాట అనకతప్పదు. 1952లో అనంతపురం ఓటర్లు తనను ఓడించినప్పుడు నేరుగా పడే ఓటు ఎంత బలమైనదో ఆయనకంటే బాగా తెలిసినవారు ఎవరున్నారు? అటువంటి నాయకుడు పల్లెల్లో అధికారం పంచే వేళ ఆ ఓటును ఒక మెట్టు వెనక్కి జరిపిన పద్ధతిని ఒప్పుకున్నారు. ఊళ్ళలోని పెద్దకులాల పెద్దలు కాంగ్రెసుకు పట్టుకొమ్మలు, వారి పట్టు జారకుండా ఉండాలనే ఆలోచన కూడా అందులో ఉండి ఉండవచ్చునని నా అనుమానం.

1960 జనవరిలో ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1962లో కర్నూలు జిల్లా డోన్ నుంచి గెలిచి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ రెండో పర్యాయం రెండేళ్ళకే ముగిసింది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసినప్పుడు, తనకు రాజకీయంగా ఎదురు నిలిచిన బస్సు యజమానుల మీద కక్షతోనే ముఖ్యమంత్రి ఆ జిల్లాను ముందుకు జరిపారని వారు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని ఎత్తిచూపి పథకాన్ని కొట్టివేసింది. రెడ్డిగారు రాజీనామా ఇచ్చారు. తనమీద కేసు లేదు, శిక్ష లేదు, తీర్పులో వ్యాఖ్యలకే పదవి వదిలారు. ఈ ఒక్క పనికి ఆయనను ఎంత మెచ్చుకున్నా చాలదు. ఐతే ఆ తగాదాలో దాగిన సంగతిని కూడా చూడాలి. బస్సులు, లారీలు, కంట్రాక్టులు ఉన్నవారే ఆ కాలంలో ఎన్నికలకు జీపులు, పెట్రోలు సమకూర్చేవారు. ఎన్నికలో ఎవరి జీపు ఎవరివైపు తిరిగిందో ఎన్నికల తరువాత ప్రభుత్వానికి గుర్తుంటుందని జనం నమ్మేవారు. ఖర్చు లెక్క అభ్యర్థి పద్దులో లేకపోయినా ఇంకెక్కడో రాసే ఉంటుంది.

కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ, తరువాత రవాణా, విమానయాన శాఖలు చూశారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరయ్యారు. స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెసు అధికార అభ్యర్థి ఆయనే. కాని ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రకారం ఓటు వేయమని తనవారికి చెప్పారు. ఎదుట నిలిచినవారు ఆనాటి జైలు సహవాసి గిరిగారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్యపు ఓట్లు కలిపాక గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువ వచ్చింది. 14,650 తేడా. ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే. రాష్ట్రపతి ఎన్నికకు ఖర్చు పరిమితి అనేది లేదు, ఆనాడూ లేదు ఈనాడూ లేదు. సమితి ఎన్నికలో సర్పంచులు ఎట్లాగో అక్కడ శాసనసభ్యులు అట్లాగ. తాను పల్లెల్లో పెట్టిన పద్ధతిలాంటి పద్ధతిలోనే, తన పార్టీవారి చేతుల్లోనే ఆయన ఓడిపోయారు. ఊరికి వచ్చి సేద్యం చూసుకున్నారు.

ఆయన సేద్యంలో ఉన్న ఆ ఏళ్ళలోనే ఎన్నికల ఖర్చు విషయం ఢిల్లీలో రచ్చకెక్కింది. అభ్యర్థి కోసం అతని ఎరుకతో పార్టీ గాని మిత్రులు గాని పెట్టిన డబ్బు కూడా అతని లెక్కలోకే వస్తుందని 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అమరనాథ్ చావ్లా కేసులో తేల్చింది. నెల తిరగకముందే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తరువాత చట్టం చేసి ఆ ఖర్చును లెక్కనుంచి తప్పించింది. పరిమితి కాగితం మీద ఉంది, పార్టీ తలుపు తెరిచి ఉంది. అప్పటికి లోక్‌సభ అభ్యర్థి పరిమితి 35,000 రూపాయలు. రాయ్‌బరేలీ కేసులో ఇందిరాగాంధీ గారిమీద వచ్చిన ఆరోపణల్లో ఈ పరిమితి దాటారనేది కూడా ఒకటి. అలహాబాదు హైకోర్టు ఆ ఆరోపణను ఒప్పుకోలేదు, వేరే కారణాల మీద 1975 జూన్ 12న ఎన్నికను రద్దు చేసింది. జయప్రకాశ్ నారాయణ్ గారు ఎన్నికల సంస్కరణల కోసం తార్కుండే కమిటీని వేయించింది కూడా ఆ రోజుల్లోనే. 1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ గారి సభ వేదిక మీద సంజీవరెడ్డి గారు తిరిగి కనిపించారు.

1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయింది. మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి రెడ్డిగారు. అదే కర్నూలు జిల్లా, బస్సుల తగాదాతో పదవి పోగొట్టిన జిల్లా! మళ్ళీ స్పీకరు, నాలుగు నెలలు తిరక్కుండానే రాష్ట్రపతి. ముప్పై ఏడు నామినేషన్లు వచ్చాయి, ముప్పై ఆరు చెల్లలేదు, ఆయనొక్కరే మిగిలారు. 1977 జూలై 25న ప్రమాణం చేశారు. ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి ఆయన. మొరార్జీ దేశాయి, చరణ్‌సింగ్, ఇందిరాగాంధీ ముగ్గురు ప్రధానులతో పనిచేశారు. 1979లో జగ్జీవన్‌రామ్ గారికి అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దుచేయడం మీద విమర్శ ఉంది, అది వేరే వ్యాసానికి విషయం. 1982 జూలైలో పదవి దిగి వచ్చారు. 1989లో ఇంగ్లీషులో స్వీయజ్ఞాపకాలు ప్రచురించారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన పెట్టిన సమితులు ఆయన బ్రతికుండగానే పోయాయి. ఎన్. టి. రామారావు ప్రభుత్వం 1986లో మండలాలు తెచ్చింది, 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్తు అధ్యక్షులను జనం చేత నేరుగా ఎన్నిక చేయించింది. 73వ రాజ్యాంగ సవరణ తరువాత 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. దానితో సర్పంచు నేరుగా, మండలాధ్యక్షుడు మళ్ళీ పరోక్షంగా. క్యాంపులు తిరిగొచ్చాయి. ఐతే ఒక మంచి జరిగింది. రాష్ట్ర ఎన్నికల సంఘం ఏర్పడి, సర్పంచుకు, వార్డు మెంబరుకు కూడా ఖర్చు పరిమితి, లెక్క చెప్పే పని గట్టిగా వచ్చాయి. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో పదివేల జనాభా దాటిన పంచాయతీలో సర్పంచు అభ్యర్థికి 2.50 లక్షలు, అంతకు లోపు పంచాయతీలో 1.50 లక్షలు. వార్డు మెంబరుకు 50 వేలు, 30 వేలు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క దాఖలు చేయాలి, చేయకపోతే మూడేళ్ళు అనర్హత.

ఇప్పుడొక చిన్న గుణకారం చేద్దాం, లెక్కల శాఖవారు నవ్వకూడదు. 2021లో గెలిచిన సర్పంచుకు గౌరవ వేతనం నెలకు 3,000. అరవై నెలలకు 1.80 లక్షలు. అంటే చిన్న ఊళ్ళో చట్టం ఒప్పుకున్నంత ఖర్చుపెట్టి గెలిచినవాడికి అయిదేళ్ళ జీతంలో మిగిలేది 30 వేలు. పెద్ద ఊరిలో ఐతే 70 వేలు చేతినుంచి పడతాయి. ఇది నిజాయితీగా పరిమితికి లోబడినవాడి సంగతి. పరిమితి దాటినవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడో ఉపాధి పని, సిమెంటు రోడ్డు, కాలువ పూడికతీత బిల్లులు చూసినవారికి తెలుసు. వేరుశనగ పోయిన ఏడాది ఎకరాకు పెట్టుబడి కూడా రాని రైతు ఈ పోటీలోకి ఎట్లా దిగుతాడు? పరిమితి ఉన్నది అటువంటివాణ్ణి కాపాడడానికే, కాని ఆ పరిమితే అతని అయిదేళ్ళ ఆదాయానికి సమానంగా ఉంది.

ఏకగ్రీవం మాటకు వస్తే, అదే 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. పోటీ లేకపోతే ఖర్చు లేదు, కక్షలు లేవు అనే ఉద్దేశం మంచిదే, ముఖ్యంగా మన ఫ్యాక్షన్ పల్లెల్లో. కాని కొన్ని ఊళ్ళలో గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వారికే పదవి అని రచ్చకట్ట మీద పాట పెట్టడం కూడా చూస్తున్నాం. ఆ డబ్బు ఖర్చు రిజిస్టరుకు ఎక్కదు, గుడి గోడమీద దాత పేరుగా ఎక్కుతుంది. దళిత మహిళకు రిజర్వైన సీటులో పాట పాడేది మాత్రం ఇంకొకరు.

విద్యార్థి సంఘాల ఎన్నికలకు లింగ్డో కమిటీ 2006లో అభ్యర్థికి 5,000 రూపాయల పరిమితి పెట్టింది, రెండు వారాల్లో లెక్క ఇవ్వాలంది. సుప్రీంకోర్టు దాన్ని అమలుచేయమని ఆదేశించింది. ప్రెస్సులో అచ్చువేసిన పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే వాడాలని కూడా అందులో ఉంది. లోక్‌సభకు పరిమితి 2022లో 95 లక్షలకు చేరింది, శాసనసభకు 40 లక్షలకు. పార్టీ ఎంత పెట్టవచ్చుననే దానికి ఏ చట్టంలోనూ అంకె లేదు.